టిచ్ బటన్ల చొక్కా

“కోడలు అన్నం పెట్టింది, మామ పడిపోయాడు. ఇంకేం కావాలి నీకు?” అన్నాడు మా బావ కుర్చీలో వెనక్కి వాలి.

“విషం కావాలి,” అన్నాను. “ఏ విషం, ఎందులో కలిపింది, ఎప్పుడు కలిపింది? అది చెప్పు చాలు.”

మా బావ అంటే మా అక్క మొగుడు. ఈ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టర్. ఇంట్లో మా అక్క ముందు పిల్లిలా ఉంటాడు. ఇక్కడ నడుముకి బెల్టు బిగించగానే పులైపోతాడు. నేను ప్రైవేట్ డిటెక్టివ్‌నని బోర్డు పెట్టుకున్న రోజు నుంచీ నన్ను చూస్తే ఆయనకి కంట్లో నలుసు పడ్డట్టే ఉంటుంది. నాకూ అంతే.

“ఎలకల మందు దొరికింది. పాకెట్ చింపి ఉంది.”

“బట్టలు కుట్టే షాపులో ఎలకల మందు దొరక్కపోతే అనుమానించాలి బావా. మీ ఫైళ్ళు కొరికే ఎలకలకి నువ్వేం పెడుతున్నావు, పాలబువ్వా?”

పక్కన కేసు డైరీ రాస్తున్న రైటర్ ముసిముసిగా నవ్వబోయి, బావ చూపు పడగానే దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

“ల్యాబ్ రిపోర్టు వచ్చిందా?”

“వస్తుంది.”

“రాకముందే పిల్లని తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టావన్నమాట.”

“చూడు మరదలా, టైలర్ మాస్టారి చెల్లెలు వాళ్ళ పైవాటాలోనే ఉంటుంది. ఆదివారం పొద్దున కోడలు ‘చస్తారు’ అని ఆయన మీద అరవడం చెవులారా విన్నానని కంప్లైంట్ ఇచ్చింది. మధ్యాహ్నం ఆ కోడలు వండిందే ఆయన తిన్నాడు. సాయంత్రానికి విరేచనాలు, వాంతులు, కూలబడిపోయాడు. ఇప్పుడు ఐ.సి.యు.లో ఉన్నాడు. ఉంటాడో పోతాడో చెప్పలేమంటున్నారు. ఇవాళ సాయంత్రం ఈవిణ్ణి కోర్టులో హాజరుపరుస్తున్నా. ఈలోపు ఆయన పోయాడా, కేసు హత్య కిందికి మారుతుంది. నీ పని నువ్వు చూసుకో.”

నాకు ఒళ్ళు మండింది. ‘చస్తారు’ అన్నందుకే అరెస్టు చేసేటట్టయితే మా అమ్మకి యావజ్జీవం పడాలి. నా చిన్నప్పుడు రోజుకి పదిసార్లు చంపుతానంది ఆవిడ.

ఆ కోడలు పిల్ల నాకు కొత్త కాదు. నా బట్టలన్నీ వాళ్ళ షాపులోనే కుట్టిస్తాను. మామగారిది కటింగు, ఆ అమ్మాయిది కుట్టు, కొడుకు కౌంటర్లో కూర్చుంటాడు. ఒక్క ఫోన్ చేసుకోమంటే ఆ పిల్ల నాకే చేసింది. వెనక గదిలో బెంచీ చివర ఒదిగి కూర్చుని ఉంది. మెడలో కొలతల టేపు ఇంకా అలాగే వేలాడుతోంది. పని మీదున్న మనిషిని ఉన్నపళాన లాక్కొచ్చారు.

“ఆ మాట అన్నావా?” అడిగాను పక్కన కూర్చుని.

“అన్నానక్కా. ‘ఇలా తినకుండా కూర్చుంటే చస్తారు మావయ్యా’ అన్నా. మరి అనకేం చెయ్యను? పదిరోజులుగా ఏది వండినా రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. కంచం చూస్తే నాకు ఏడుపొచ్చేది.”

“ఆదివారం ఆయన తిన్నదే మీరూ తిన్నారా?”

“అదే గిన్నెలోంచి నేనూ మా ఆయనా కూడా తిన్నాం.”

“ఆ సంగతి మీ ఆయన పోలీసులకి చెప్పాడా?”

ఆమె తల తిప్పుకుంది. “ఆయన ఏమీ మాట్లాడట్లేదక్కా. నన్ను జీపు ఎక్కిస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. అంతే.”

మొగుడన్నవాడు పెళ్ళాన్ని పోలీసులు తీసుకుపోతుంటే కనీసం ‘ఎందుకు’ అని అడుగుతాడు. గుడ్లప్పగించి చూశాడంటే అయితే వాడు మొద్దయినా అయ్యుండాలి, లేదా వాడికేదో తెలిసైనా ఉండాలి. ఆ కొడుకు మొద్దు కాదని నాకు తెలుసు.

“మావయ్యగారికి ఇంతకుముందు ఏమన్నా జబ్బుందా?”

“ఏమీ లేదక్కా. పోయినేడు అరికాల్లో ఆనె లేస్తే కోయించుకున్నారు, మిషన్ తొక్కలేకపోతున్నానని. అంతే. బీపీ లేదు, షుగర్ లేదు. మూడు వారాలకోసారి తండ్రీకొడుకులిద్దరూ బట్ట కొనడానికి మార్కెట్‌కి కూడా వెళ్ళొస్తున్నారు.” కాస్త ఆగి, “ఒకటి మాత్రం వింతగా అనిపించింది. ఈ మధ్య ఆయన పైజమాలు నాకు ఉతకడానికి ఇవ్వట్లేదు. ఊరికే కూర్చుంటే తోచట్లేదమ్మా, నేనే ఉతుక్కుంటాలే అన్నారు” అంది.

“ఎప్పట్నుంచి?”

“ఆ తిండి తగ్గినప్పట్నుంచే.”

నేను లేచాను. “బావా, ఆ ఇంటి తాళాలివ్వు.”

“నా సీన్‌లో నువ్వు ఒక్కదానివే వేలు పెట్టడానికి వీల్లేదు.”

“అయితే నువ్వూ రా. వద్దన్నానా?”

*

మాస్టారి గది ఇంటి వెనక వైపు ఉంది. మంచం, పాత కుట్టుమిషన్, చొక్కాలు వేలాడే ఒక కొయ్య, స్నానాలగది తలుపు. బావ తిన్నగా కంచం పెట్టే బల్ల దగ్గరికి వెళ్ళి వంగి వాసన చూడటం మొదలుపెట్టాడు. నేను నేల చూశాను.

మంచం కోళ్ళు ఈడ్చిన గీతలు ఉన్నాయి. కిటికీ దగ్గర ఉండాల్సిన మంచాన్ని స్నానాలగది గుమ్మానికి ఆనించారు. పాత చోట కోళ్ళ అచ్చులు నాలుగూ దుమ్ముతో నిండిపోయి ఉన్నాయి. ఆదివారం ఈడ్చిన మంచమైతే ఆ అచ్చులు శుభ్రంగా ఉండేవి.

స్నానాలగదిలో కిటికీ ఊచలకి అడ్డంగా ఒక తాడు, దాని మీద నాలుగు పైజమాలు. చేత్తో పట్టుకుంటే అట్టల్లా ఉన్నాయి. సబ్బు సరిగ్గా పోకుండానే పిండి ఆరేశాడు పాపం, ఓపిక లేక.

“బావా, ఇటు రా. ఈయన కడుపు ఆదివారం చెడలేదు. అంతకు ఎన్నో రోజుల ముందే చెడింది. బాత్రూముకి పరిగెత్తడానికి దగ్గరగా ఉండాలని మంచం జరుపుకున్నాడు. కోడలికి తెలియకూడదని బట్టలు తనే ఉతుక్కున్నాడు.”

బావ గడ్డం గోక్కున్నాడు. ఒప్పుకుంటాడేమో అనుకున్నాను, నా పిచ్చి గానీ.

“అయితే రోజూ కొద్దికొద్దిగా కలిపి పెట్టిందన్నమాట. ఇంకా మంచిది. ఇది ముందే పథకం వేసుకుని చేసిన పని.”

“నీకు దణ్ణం. మా అక్క ఎలా వేగుతోందో నీతో.”

మిషన్ సొరుగు లాగాను. బాబిన్లు, సుద్దముక్కలు, కత్తెర. వాటి కింద చేయి పెడితే గరగరమంది. బయటికి తీస్తే గుప్పెడు ఖాళీ రేకులు. అన్నీ ఒకే రకం బిళ్ళలు, విరేచనాలు కట్టడానికి వాడేవి.

“ఇవి ఎవరు తెచ్చారు బావా?”

“ఆయనే తెచ్చుకునుంటాడు.”

“ఆయన ఈ మధ్య కొడుకు తోడు లేకుండా గడప దాటలేదని నీ కంప్లైంట్‌లోనే ఉంది, మాస్టారి చెల్లెలు చెప్పింది. కోడలికి విరేచనాల సంగతే తెలీదు. ఇక ఈ ఇంట్లో మందుల షాపుకి వెళ్ళగలిగే మనిషి ఎవరు మిగిలారు?”

బావ ఆ రేకుల్లో ఒకటి తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. ఆయన మెదడు మొండిదే కానీ చచ్చిపోలేదు.

అప్పుడు చూశాను కొయ్యకి వేలాడుతున్న చొక్కాలని. అన్నీ నిండు చేతులవే. ఒకటి తీసి మడత పెట్టబోతే లోపలి వైపు ఏదో చిన్నగా గుచ్చుకుంది. ఎడమ చేతి కుట్టు మణికట్టు దగ్గర్నుంచి మోచేతి పై దాకా విప్పేసి, ఆ పొడవునా సన్నటి టిచ్ బటన్లు కుట్టాడు. పైనుంచి చూస్తే ఎవరికీ తెలీదు. ఎంత నేర్పుగా కుట్టాడంటే, నేనే రెండోసారి వెతుక్కోవాల్సి వచ్చింది. కొయ్యకున్న చొక్కాలన్నీ అలాగే ఉన్నాయి.

“టైలర్ కదా, ఏదో కొత్త ఫ్యాషన్,” అన్నాడు బావ.

“ఫ్యాషన్ అయితే నలుగురికీ కనపడేలా పెడతారు. ఏదీ, చెయ్యి చాపు.”

“నేనా?”

“నువ్వే. ఇక్కడ ఇంకెవరున్నారు?”

యూనిఫాం మీదే ఆ చొక్కా చేతిని తొడిగాను. టిక్కు టిక్కుమంటూ బటన్లు లాగేసరికి చేయి మొత్తం విచ్చుకుని మోచేతి మడత బయటపడింది. చొక్కా విప్పనక్కర్లేదు, చేయి పైకి మడవనక్కర్లేదు.

“సూది కోసం బావా. ఈయన మాటిమాటికీ సెలైన్ ఎక్కించుకుంటున్నాడు. మూడు వారాలకోసారి వెళ్ళేది బట్టల మార్కెట్‌కి కాదు.”

*

చేతికి పదేపదే సూది పడేది ఎవరికా అని ఆలోచించి, ముందు కిడ్నీవాళ్ళ డయాలసిస్ వార్డుకి వెళ్ళాను. చొక్కా చూసి మావాళ్ళెవరిదీ కాదన్నారు. అక్కణ్ణుంచి కేన్సర్ ఆసుపత్రికి. డ్రిప్ గది తలుపు తోసి లోపలికి అడుగుపెట్టానో లేదో, నా చేతిలో చొక్కా చూసి నర్సు మొహం వెలిగింది.

“మా టిచ్ బటన్ల మాస్టారి చొక్కా! మీరు వాళ్ళమ్మాయా?”

గోడ వెంబడి వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో స్టాండు, దానికి సీసా. ఒక్కో రోగి పక్కన స్టూలు మీద వాళ్ళ తాలూకు మనిషి. వాళ్ళలో ఒక పెద్దాయనా, ఒక టీచరమ్మా అవే బటన్లున్న చేతుల్లోంచి సూది పెట్టించుకుని కూర్చున్నారు. మాస్టారు ఇక్కడికొచ్చేవాళ్ళకి కూడా కుట్టి ఇచ్చాడట. ఊరికేనట.

కేన్సర్. ఆ ఇంట్లో ఒక మనిషి కేన్సర్‌కి మందు ఎక్కించుకుంటూ, బట్ట కొనడానికి వెళ్తున్నానని కోడలికి చెబుతున్నాడు. పోయినేడు కోయించుకున్నది ఆనె కాదన్నమాట.

డాక్టరమ్మ వచ్చింది. “రోగి సంగతులు బయటవాళ్ళతో మాట్లాడం,” అంది మర్యాదగానే.

“మాట్లాడకండి. వినండి చాలు. మీ మాస్టారు రెండు రోజులుగా పెద్దాసుపత్రి ఐ.సి.యు.లో ఉన్నాడు. పదిరోజులుగా విరేచనాలు. విషం పెట్టారనుకుని అక్కడ దానికి వైద్యం చేస్తున్నారు.”

ఆవిడ నా మొహం వైపు కూడా చూడలేదు. ఫోన్ అందుకుంది. అటువైపు ఐ.సి.యు. డాక్టర్ దొరికేదాకా నిలబడే ఉంది. దొరికాక మాటలు తూటాల్లా వచ్చాయి. “ఆయనకి ఇమ్యునోథెరపీ నడుస్తోంది. అవును, అరికాలి చర్మం మీద మెలనోమా కేన్సర్, తీసేశాక ఇస్తున్నాం. అది పేగు వాపు అయ్యుంటుంది, విషం కాదు. స్టెరాయిడ్ ఎక్కించారా? ఎవరూ చెప్పలేదా? ఇప్పుడే మొదలుపెట్టండి. పేగుకి చిల్లు పడిందేమో స్కాన్ చేసి చూడండి. నేను బయల్దేరుతున్నా.”

ఫోన్ పెట్టేసి బల్ల మీద చేత్తో కొట్టింది. “నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానండీ వాళ్ళకి! మొదటి డ్రిప్‌కి ముందే కూర్చోబెట్టి చెప్పాను.”

“నాక్కూడా చెప్పండి. ఆ పిల్ల సాయంత్రం కోర్టుకెళ్తోంది.”

“ఇది మామూలు కీమో కాదు. జుట్టు ఊడదు, మనిషి పైకి మామూలుగానే ఉంటాడు. మన ఒంట్లో కాపలా కుక్క ఒకటి ఉందనుకోండి, కేన్సర్ దాన్ని మచ్చిక చేసుకుని గొలుసు వేసేస్తుంది. ఈ మందు ఆ గొలుసు విప్పుతుంది. కుక్క దొంగని పట్టుకుంటుంది. కానీ ఒక్కోసారి ఇంట్లోవాళ్ళని కూడా కరుస్తుంది. పేగుల్ని కరిస్తే విరేచనాలు. ఊపిరితిత్తుల్ని కరిస్తే దగ్గు, ఆయాసం. చర్మం మీద దద్దుర్లు. కాలేయం, థైరాయిడ్, గుండె, దేన్నయినా కరవొచ్చు. డ్రిప్ ఎక్కిన రోజే రావాలని లేదు. వారాల తర్వాత రావొచ్చు, మందు ఆపేసిన నెలల తర్వాత కూడా రావొచ్చు. అందుకే చిన్నదైనా సరే, వెంటనే ఫోన్ చెయ్యమంటాం. సొంతంగా బిళ్ళలు మింగొద్దంటాం.”

సొరుగులో దొరికిన రేకులు బల్ల మీద పోశాను. ఆవిడ వాటిని చూసి కళ్ళు మూసుకుంది.

“ఇవి మంటని ఆర్పవు. పొగ బయటికి రాకుండా కిటికీలు మూస్తాయి, అంతే. మంట లోపల అలాగే ఉంటుంది.”

“మొదట్లోనే చెప్పుంటే?”

“చాలామందికి స్టెరాయిడ్‌తో అదుపులోకి వస్తుంది. కొంతమందికి తగ్గాక మళ్ళీ డ్రిప్ మొదలుపెడతాం కూడా. ఎక్కడికి వెళ్ళినా ఏ డాక్టర్‌కైనా చూపించమని జేబులో పెట్టుకునే కార్డు ఇస్తాం. ఇంత చెప్పినా ఎందుకు దాస్తారండీ మనుషులు? ప్రతి డ్రిప్‌కి ముందు రక్తపరీక్ష చేస్తాం. ముందు రోజు ఫోన్ చేసి అడుగుతాం. వచ్చాక మళ్ళీ అడుగుతాం. పోయినవారం కూడా అడిగాం. విరేచనాలు లేవు, దగ్గు లేదు, ఏమీ లేదన్నారు.”

“అన్నది ఎవరు?”

“మాస్టారే...” అని ఆగిపోయింది. నర్సు వైపు చూసింది.

“వాళ్ళబ్బాయండీ,” అంది నర్సు మెల్లగా. “ఫోన్ నంబరు కూడా ఆ అబ్బాయిదే. ఇక్కడ అడిగినా ఆయన పక్కన కూర్చుంటారు, అబ్బాయే చెబుతాడు.”

గదిలోకి చూశాను. ఒక నర్సు ఆ టీచరమ్మ దగ్గర నిలబడి “నిద్ర పడుతోందా?” అని అడుగుతోంది. స్టూలు మీదున్న భర్త “ఆఁ, శుభ్రంగా పడుతోంది” అన్నాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

“డాక్టరమ్మా, నిద్రపోయేది ఎవరు, చెప్పేది ఎవరు?” నాకు కోపం ఆగలేదు. “సూది ఒకరికి పొడుస్తారు, నొప్పి ఇంకొకర్ని అడుగుతారు. ఆ మనిషికి నోరు లేదా? మీరు ఎన్నిసార్లు అడిగితే ఏం లాభం, అడగాల్సినవాణ్ణి అడగనప్పుడు?”

ఆవిడ నా మీద అరుస్తుందనుకున్నాను. అరవలేదు. “మీరన్నది నిజమే. అది మా తప్పు,” అని కారు తాళాలు తీసుకుంది.

*

ఐ.సి.యు. బయట బెంచీ మీద కొడుకు మొహం చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు. అటూ ఇటూ పోయేవాళ్ళు వాణ్ణి చూసి అయ్యో పాపం అనుకుంటూ వెళ్తున్నారు. బావకి ముందే ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

ఖాళీ రేకులు కొడుకు ఒళ్ళో పడేశాను.

“ఇవి కొన్నది నువ్వా, మీ ఆవిడా?”

వాడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. నాకు జాలి వేయలేదు.

“నేనే,” అన్నాడు.

“ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేసి అడిగితే ఏమీ లేదని చెప్పింది?”

“నేనే.”

“ఇక్కడి డాక్టర్ ఏమన్నా మందులు వాడుతున్నారా అని అడిగితే?”

“లేదన్నాను.”

“ఆ కార్డు ఏదీ?”

వాడు చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. రెండు రోజులుగా వచ్చినప్పుడల్లా ఈ బెంచీ మీద, ఈ తలుపు ఎదురుగా, ఆ కార్డు గుండె మీద పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగడుగులు వేసి అది లోపలివాళ్ళ చేతిలో పెడితే అయిపోయేది. నాకు చెయ్యి లేచింది. బలవంతాన దించుకున్నాను.

“ఎందుకురా? కన్నతండ్రి రా!”

“దుష్ప్రభావాలు ఎక్కువైతే డ్రిప్ ఆపాల్సి రావొచ్చు అన్నారండీ మొదటి రోజే. నాకు ఆ ఒక్క మాటే చెవిలో పడింది. మా నాన్నని బతికించేది అదొక్కటే కదా, దాన్ని ఆపేస్తే ఎలా? ఎలాగోలా కోర్సు పూర్తి చేయించేద్దామనుకున్నాను. రెండు బిళ్ళలతో తగ్గేది. తర్వాత నాలుగు వేసినా తగ్గలేదు.” వాడు వెక్కుతున్నాడు. “ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టు వేయించుకున్నాడు. మా పెదనాన్నకి ఈ జబ్బొస్తే ఇంట్లోవాళ్ళు కంచం వేరు చేశారు, మంచం వసారాలో వేశారు. కోడలికి తెలిస్తే నాకూ అదే గతి పడుతుందిరా అన్నాడు.”

“అంటుకునే జబ్బా అది? ఎవడు చెప్పాడు మీకు? సరే, ఒట్టు. దాచావు. పోలీసులు నీ పెళ్ళాన్ని తీసుకెళ్తుంటే? అప్పుడు కూడా ఒట్టేనా?”

వాడు ఒళ్ళోని రేకుల్ని ఒక్కొక్కటిగా మడతపెట్టాడు.

“విషం అని తేలితే బావుండుననుకున్నాను,” అన్నాడు చివరికి. “విషం కాకపోతే మా నాన్నని ఇలా చేసింది నేనేనని తెలిసిపోతుంది.”

ఎన్నో కేసులు చూశాను. డబ్బు కోసం చంపినవాళ్ళని చూశాను, కసితో చంపినవాళ్ళని చూశాను. తండ్రి మీద ప్రేమతో తండ్రిని చావు దాకా తెచ్చి, ఆ తప్పు పెళ్ళాం మెడకి చుట్టి ఊరుకున్నవాణ్ణి మాత్రం ఇదే చూడటం. ఛీ అని కూడా అనాలనిపించలేదు.

బావ గొంతు సవరించుకున్నాడు. “స్టేషన్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయిని జీపులో ఇక్కడికే తీసుకొస్తున్నారు.” తర్వాత నా వైపు చూడకుండా, “మీ అక్కకి ఈ సంగతి నేనే చెప్పుకుంటాలే” అన్నాడు.

“నువ్వు చెప్పేలోపే నేను చెబుతా.”

*

కోడలు మెట్లెక్కి వచ్చేసరికి డాక్టరమ్మ, ఐ.సి.యు. డాక్టర్ ఇద్దరూ లోపలే ఉన్నారు. జరిగింది నేనే చెప్పాను, దాచకుండా. కేన్సర్ అన్నప్పుడు ఆ పిల్ల గోడ పట్టుకుంది. కంచం సంగతి చెప్పినప్పుడు మాత్రం భగ్గుమంది.

“కంచం వేరు చేస్తానా? నేనా? ఆయన తిని వదిలేసిన అన్నం నేను పారేయలేక కలుపుకు తిన్నానక్కా!”

మొగుడు లేచి ఎదురొచ్చాడు. “నన్ను క్షమించు...”

“తప్పుకోండి,” అంది. “ముందు ఆయన బతకాలి. మీ సంగతి తర్వాత.”

ఐ.సి.యు. డాక్టర్ తలుపు తీశాడు. కుర్రవాడు, మొహంలో అలసట. “స్టెరాయిడ్ ఎక్కుతోంది. స్కాన్‌లో పేగు వాచింది కానీ చిల్లు పడలేదు. సమయానికి చెప్పారు. ఒక్క నిమిషం చూడొచ్చు. కాస్త మగతగా ఉన్నారు.”

లోపల మాస్టారు దిండు మీద వాలి ఉన్నాడు. కనురెప్పలు సగం దాకా దిగి ఉన్నాయి. కోడల్ని చూసి నవ్వబోయాడు, నవ్వు పెదాల దాకా రాలేదు.

“ఎలా ఉంది మావయ్యా?”

“బాగానే ఉందమ్మా. నాకేం, దుక్కలా ఉన్నాను,” అన్నాడు. మాట ముక్కులోంచి వచ్చింది.

కొడుకు వెనకనించి అందుకున్నాడు. “కొంచెం నీరసం అంతే డాక్టర్‌గారూ, నిద్ర లేక...”

కోడలు గిర్రున తిరిగింది. “నోరు ముయ్యండి! ఇంకొక్క మాట ఆయన తరఫున మాట్లాడారంటే బయటికి గెంటిస్తాను!” మొగుణ్ణి ఆ పిల్ల అలా అనగా నేనెప్పుడూ వినలేదు. బావ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె మామగారి మంచం మీదికి వంగింది. “మావయ్యా, నేను మిమ్మల్ని చంపబోయానని నన్ను స్టేషన్‌లో కూర్చోబెట్టారు. మీరు దాచిపెట్టబట్టే. బాగానే ఉందని ఇంకోసారి అన్నారంటే నా మీద ఒట్టే. నిజం చెప్పండి. ఎక్కడ బాగాలేదు?”

ముసలాయన కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తబోయాడు. చెయ్యి మంచం మీదినుంచి జానెడు లేచి పడిపోయింది.

“నువ్వు నాకు ఇద్దరుగా కనపడుతున్నావమ్మా,” అన్నాడు. “నాలుగు రోజుల్నించీ అంతే. రెప్పలు ఎత్తుదామంటే లేవట్లేదు. ముద్ద నమిలేసరికి దవడలు పడిపోతున్నాయి. నీళ్ళు తాగితే ముక్కులోకి వస్తున్నాయి. ముసలితనమేలే అనుకుని...”

డాక్టరమ్మ ముందుకొచ్చింది. మగత అనుకున్న రెప్పల్ని వేలితో ఎత్తి చూసింది. “మగత కాదిది,” అంది ఐ.సి.యు. డాక్టర్‌తో. “మందు ప్రభావం కండరాల మీద కూడా పడింది. ఊపిరి తీసే కండరాల దాకా వెళ్తే ఊపిరే ఆగిపోతుంది. వెంటిలేటర్ దగ్గరికి తెప్పించండి. నరాల డాక్టర్‌ని పిలవండి. గుండెకి కూడా పరీక్ష చెయ్యాలి, ఇప్పుడే!”

నర్సులు పరిగెత్తారు. ఎవరో మమ్మల్ని బయటికి నెట్టబోయారు. మాస్టారు గస పెడుతూ ఇంకా ఏదో చెప్పాలని చూస్తున్నాడు.

డాక్టరమ్మ ఒకసారి మాస్టారి కొడుకు వైపు చూసింది. వాడు నోరు తెరవలేదు. అప్పుడామె కోడలి భుజం పట్టి మంచం దగ్గరే నిలబెట్టింది.

“నువ్వు ఉండమ్మా. ఆయన నీకే చెబుతున్నాడు. నాకు అన్నీ తెలియాలి.”

కోడలు స్టూలు లాక్కుని కూర్చుంది. మామగారి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది.

“చెప్పండి మావయ్యా,” అంది. “తల దగ్గర్నుంచి మొదలుపెట్టండి.”